మోకాలి గుజ్జు మీద నొప్పి మాత్ర ఏం చేస్తుంది, ఏం చేయదు

ఎక్స్‌రే చూసి "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది" అని డాక్టరు చెప్పగానే ఇంట్లో రెండు ప్రశ్నలు బయల్దేరతాయి. ఈ మాత్రలు వాడితే గుజ్జు మళ్లీ వస్తుందా అన్నది ఒకటి. వాడుతూ పోతే ఉన్న గుజ్జు కూడా కరిగిపోతుందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు సూటిగానే చెప్పవచ్చు: రాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, నాప్రొక్సెన్, ఎటోరికాక్సిబ్, వీటిలో ఏదీ అరిగిన గుజ్జును తిరిగి పుట్టించదు. అరుగుదలను ఆపుతుందని కూడా ఇంతవరకు రుజువు కాలేదు. రెండోదానికి జవాబు ఒక్క మాటలో రాదు. ఏ మందు, ఎన్నాళ్లు వాడారు, నొప్పి తగ్గాక ఆ కాలితో ఏం చేశారు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఎక్కువ అపోహలు ఉన్నదీ అక్కడే కాబట్టి దాన్నే కాస్త విప్పి చూద్దాం.

ముందు గుజ్జు అన్న మాట సంగతి. పండు గుజ్జులా మెత్తగా, జారుగా ఉండేదేదో ఎముకల మధ్య నింపి ఉంటుందనీ, అది ఇంకిపోతే ఇంజెక్షన్‌తో మళ్లీ నింపవచ్చనీ ఆ మాట వల్ల అనిపిస్తుంది. అసలుది మృదులాస్థి. కోడి కాలి ఎముక చివర తెల్లగా, నున్నగా మెరిసే గట్టి పొర ఉంటుంది కదా, అదే. మన మోకాల్లో చాలా చోట్ల దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది అగ్రికాన్ అనే భారీ అణువు. ఆ అగ్రికాన్ ఉబ్బి చెదిరిపోకుండా బిగించి ఉంచేవి రెండో రకం కొల్లాజెన్ పోగులు. బూరుగు దూది దిండును ఊహించుకోండి: లోపలి దూది అగ్రికాన్, బయటి గలీబు కొల్లాజెన్. దూది కొంత పోయినా మళ్లీ కూరుకోవచ్చు. గలీబు చిరిగితే మాత్రం కుట్టేవాళ్లు లేరు. పెద్దయ్యాక గుజ్జులో కొత్త కొల్లాజెన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. ఉన్నది సగానికి సగం మారడానికి వందేళ్లకు పైనే పడుతుందని లెక్కగట్టారు.

ఇందులో రక్తనాళాలు లేవు. బతికున్న కణాలు కూడా మొత్తం పరిమాణంలో నూటికి రెండు పాళ్ల దగ్గరే ఉంటాయి. వాటికి తిండి కీలు లోపలి ద్రవం నుంచి అందుతుంది: అడుగు వేసినప్పుడు గుజ్జు నొక్కుకుపోయి నీరు బయటికి వస్తుంది, అడుగు తీసినప్పుడు స్పాంజిలా మళ్లీ పీల్చుకుంటుంది. నరాలు కూడా లేవు. ఈ చివరి మాటను గట్టిగా పట్టుకోవాలి. గుజ్జు అరుగుతున్నప్పుడు ఆ గుజ్జుకు నొప్పి తెలియదు. మనకు తెలిసే నొప్పి చుట్టూ ఉన్న కీలు పొర నుంచి, గుజ్జు కింది ఎముక నుంచి, కీలు తిత్తి నుంచి, స్నాయువుల నుంచి వస్తుంది. అందుకే ఎక్స్‌రే ఘోరంగా ఉన్నా హాయిగా నడిచేవాళ్లు ఉంటారు, ఎక్స్‌రే బాగున్నా రాత్రి నిద్ర పట్టనివాళ్లూ ఉంటారు.

కోత ఒకచోట, కేక ఒకచోట

ఆరోగ్యంగా ఉన్న గుజ్జులో కణాలు పాతదాన్ని కొద్దికొద్దిగా కోసి తీసేస్తూ, కొత్తది పేర్చుకుంటూ ఉంటాయి. అధిక బరువు, పాత దెబ్బ, చిరిగిన మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి), దొడ్డికాలు, వయసు, వీటిలో ఏదో ఒకటి ఈ తూకాన్ని చెడగొడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు రేపే సంకేతాలు పెరుగుతాయి. అవి అందిన కణాలు కత్తెరల్లాంటి ఎంజైములను వదులుతాయి. అడమ్‌టీఎస్-4, అడమ్‌టీఎస్-5 అగ్రికాన్‌ను కోస్తాయి. ఎంఎంపీ-13 కొల్లాజెన్‌ను కోస్తుంది. అగ్రికాన్ వరకే పోయిన దశలో గుజ్జు కోలుకునే వీలు ఇంకా ఉంటుంది. కొల్లాజెన్ తెగడం మొదలయ్యాక ఆ వీలు పోతుంది. తెగిన ముక్కలు కీలు ద్రవంలో తేలి, కీలు పొరను రెచ్చగొడతాయి. ఆ పొర వాచి ఇంకా సంకేతాలు వదులుతుంది. చక్రం అలా తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు నొప్పి మాత్ర ఎక్కడ పట్టుకుంటుందో చూడండి. కణాల పైపొరల్లో ఉండే అరాకిడోనిక్ ఆమ్లాన్ని కాక్స్ అనే ఎంజైము అందుకుంటుంది, అది చివరికి ప్రోస్టాగ్లాండిన్ ఈ2గా మారుతుంది. నరాల కొసలను సున్నితం చేసి, చిన్న నొప్పిని పెద్దది చేసేదీ, వాపు తెచ్చేదీ ఇదే. ఆస్పిరిన్ కుటుంబం మందులు ఈ తయారీని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. స్టెరాయిడ్ కాని నొప్పి మాత్రలన్నీ ఈ ఒక్క మెట్టు దగ్గరే పనిచేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-1 సంకేతం అలాగే ఉంటుంది. అడమ్‌టీఎస్-5 కోస్తూనే ఉంటుంది. ఎంఎంపీ-13 కూడా అంతే. మాత్ర కత్తెర పట్టిన చేతిని ఆపదు, కేక వేసే నోటిని మూస్తుంది. నొప్పి తగ్గడం, గుజ్జు నిలవడం రెండూ వేరు వేరు లెక్కలు. డాక్టరుకూ రోగికీ మధ్య జరిగే గందరగోళంలో సగం ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్ల వచ్చేదే.

ప్రోస్టాగ్లాండిన్ ఈ2 కూడా పూర్తిగా విలన్ కాదు. ఎక్కువైతే కోతకు సాయం చేస్తుంది. కొద్ది మోతాదులో ఉన్నప్పుడు గుజ్జు కణాలు తమ పని తాము చేసుకోవడానికి ఉపయోగపడుతుందని చూపిన ప్రయోగాలు ఉన్నాయి. కాబట్టి దాన్ని నొక్కేస్తే గుజ్జుకు మేలా కీడా అన్నది ప్రయోగశాలలో కూడా ఒక్కో మందుకు ఒక్కోలా వచ్చింది. గుజ్జు ముక్కలను పాత్రలో ఉంచి సాలిసిలేట్, ఇండోమెథాసిన్ అనే నొప్పి మందులు కలిపితే అగ్రికాన్ తయారీ తగ్గింది. సెలెకాక్సిబ్ అనే ఇంకో నొప్పి మందు కలిపితే, అప్పటికే జబ్బు పడిన గుజ్జులో తయారీ కొంత మెరుగైందని నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పరిశోధకులు చూపారు. ఈ ఫలితాలను పట్టుకుని "ఫలానా మాత్ర గుజ్జుకు మంచిది" అని ప్రచారం చేయడం నాకు నచ్చదు. ఈ మందుల్లో చాలా వరకు రక్తంలో 95 నుంచి 99 శాతం దాకా అల్బుమిన్ ప్రొటీన్‌కు అతుక్కుని ఉంటాయి. స్వేచ్ఛగా తిరిగేది మిగిలిన కాస్తే. అల్బుమిన్ లేని పాత్రలో గుజ్జును ముంచితే దానికి తగిలే మందు, మోకాల్లో తగిలేదానికి ఎన్నో రెట్లు. పాత్రలోని ముక్క నడవదు, దాని మీద 70 కిలోల మనిషి బరువు పడదు.

మనుషుల్లో ఏం తేలింది

అందరికంటే చెడ్డ పేరు ఇండోమెథాసిన్‌ది, ఆ పేరు ఊరికే రాలేదు. దీన్ని ఎక్కువ కాలం వాడినవాళ్ల తుంటి కీలు వేగంగా కూలిపోతోందని 1960ల చివరి నుంచే వైద్యులు రాస్తూ వచ్చారు. 1989లో బ్రిటన్‌లో తుంటి మార్పిడి కోసం ఎదురుచూస్తున్న 105 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ప్రోస్టాగ్లాండిన్‌ను గట్టిగా అణచే ఇండోమెథాసిన్, రెండో జట్టుకు బలహీనంగా అణచే అజాప్రొపజోన్ ఇచ్చారు. ఇండోమెథాసిన్ జట్టులో ఆపరేషన్ అవసరమయ్యే స్థితి ముందుగా వచ్చింది. తర్వాత 1995లో వెలువడిన లింక్ అధ్యయనంలో మోకాళ్ల ఎక్స్‌రేలు ఏళ్ల తరబడి పోల్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర (మందు లేని మాత్ర) తీసుకున్నవాళ్లతో పోలిస్తే ఇండోమెథాసిన్ జట్టులో రెట్టింపు కంటే ఎక్కువ మందికి కీలు సందు, అంటే ఎక్స్‌రేలో ఎముకల మధ్య కనిపించే ఖాళీ, తరిగిపోయింది. అదే అధ్యయనంలోని టియాప్రొఫెనిక్ ఆమ్లం అనే ఇంకో మాత్రకు అలాంటి తేడా రాలేదు. అంటే ఒకే కుటుంబంలోని మందులు గుజ్జు విషయంలో ఒకేలా ప్రవర్తించవు. గౌట్ నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు నాలుగు రోజులు ఇండోమెథాసిన్ వాడటం వేరు. అరుగుడు జబ్బుకు నెలల తరబడి వాడటానికి నా దృష్టిలో కారణమేదీ లేదు.

డైక్లోఫెనాక్ సంగతి మనకు ఇంకా దగ్గరిది, దాని తోబుట్టువు అసెక్లోఫెనాక్ తెలుగునాట మందుల షాపుల్లో ఎంత అమ్ముడవుతుందో అందరికీ తెలుసు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 55 ఏళ్లు దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2005లో వచ్చింది. మొత్తం 180 రోజులకు మించి డైక్లోఫెనాక్ వాడినవాళ్లను 30 రోజుల లోపు వాడినవాళ్లతో పోల్చారు. తుంటిలో జబ్బు ముదిరే అవకాశం 2.4 రెట్లు, మోకాల్లో 3.2 రెట్లు కనిపించింది. అంకెలు చూస్తే గుండె ఝల్లుమంటుంది. కానీ ఇది గమనించి చెప్పిన లెక్కే, చీటీ తీసి మందు పంచిన పరీక్ష కాదు. ఎవరి మోకాలు వేగంగా పాడవుతోందో వాళ్లకే నొప్పి ఎక్కువ, వాళ్లే మాత్రలు ఎక్కువ మింగుతారు. మాత్ర వల్ల అరిగిందా, అరుగుతోంది కాబట్టి మాత్ర మింగారా అన్నది ఇలాంటి లెక్కల్లో పూర్తిగా విడదీయలేం.

ఇదే చిక్కు 2022లో అమెరికా రేడియాలజీ సభలో చదివిన పత్రంలోనూ ఉంది. ఏడాదికి పైగా నొప్పి మాత్రలు వాడిన 277 మంది, వాడని 793 మంది మోకాళ్ల ఎమ్మారైలను పోల్చారు. నాలుగేళ్ల తర్వాత వాడినవాళ్ల కీలు పొరలో వాపు, గుజ్జు నాణ్యత రెండూ అధ్వాన్నంగా ఉన్నాయి. పత్రికలు ఆ ముక్క వరకే రాశాయి. వాడినవాళ్ల మోకాళ్లు మొదటి రోజే అధ్వాన్నంగా ఉన్నాయన్నది కూడా అదే పత్రంలో ఉంది. దీని నుంచి నేను నమ్మకంగా తీసుకునేది ఒక్కటే: ఇన్నేళ్లు మాత్రలు వాడినా కీలు పొర వాపు తగ్గిన జాడ లేదు, గుజ్జుకు రక్షణ దొరికిన జాడ లేదు.

సరిగ్గా చీటీ తీసి చేసిన పరీక్ష కావాలంటే అమెరికాలో జరిగిన గెయిట్ అనే అధ్యయనం ఉంది. అందులో మోకాళ్ల ఎక్స్‌రేలను రెండేళ్లు చూసిన భాగంలో 572 మంది ఉన్నారు. గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్, ఆ రెండూ కలిపి, సెలెకాక్సిబ్ 200 మి.గ్రా., ఉత్తుత్తి మాత్ర, ఇలా ఐదు జట్లు. కీలు సందు తరిగిన తీరులో ఏ జట్టుకూ ఉత్తుత్తి మాత్రతో నమ్మదగిన తేడా రాలేదు. సెలెకాక్సిబ్ గుజ్జును కాపాడలేదు, చెడగొట్టనూ లేదు. గ్లూకోసమిన్ మీద నెలనెలా పెట్టే డబ్బు గురించి కూడా ఈ ఫలితం చాలానే చెబుతుంది.

కొలత గురించి ఒక మాట. కీలు సందు ఏడాదికి సగటున 0.1 మి.మీ. అటూ ఇటూ తరుగుతుంది. ఎక్స్‌రే తీసేటప్పుడు మోకాలు కొద్దిగా ఎక్కువ వంగినా అంతకంటే పెద్ద తేడా వస్తుంది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో సందు ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది. పోల్చాలంటే రెండుసార్లూ నిలబెట్టి, ఒకే భంగిమలో తీసిన ఫిల్ములు ఉండాలి. పోయినేడు పడుకుని, ఈ ఏడు నిలబడి తీయించుకుని "ఏడాదిలో గుజ్జంతా పోయింది" అని బెంబేలు పడేవాళ్లు చాలామంది.

నొప్పి తెలియని కాలు

మందు రసాయనంగా గుజ్జును ముట్టకపోయినా ఇంకో దారిలో చెడుపు చేయగలదు. నొప్పి మనల్ని కుంటిస్తుంది, కుంటడం వల్ల ఆ కీలు మీద బరువు తగ్గుతుంది. మాత్ర వేసుకోగానే కుంటడం మానేస్తాం. 1993లో పిరాక్సికామ్ అనే నొప్పి మాత్ర ఇచ్చి నడకను కొలిచినప్పుడు, నొప్పి తగ్గినవాళ్లలో మోకాలి లోపలి వైపు పడే భారం పెరిగిందని తేలింది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ లోపలి వైపే.

మామూలు నడకలో ఈ తేడా కొంచెమే, దాని కోసం మంచం పట్టాల్సిన పని లేదు. అసలు ప్రమాదం మాత్ర ధైర్యంతో చేసే పెద్ద పనుల్లో ఉంది. పొద్దున మాత్ర వేసుకుని అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం, రోజంతా వంగి నాట్లు వేయడం, పెళ్లిలో ఆరు గంటలు నిలబడి వడ్డించడం. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు మోకాలి చిప్ప వెనక భారం శరీర బరువుకు ఎన్నో రెట్లు అవుతుంది. నొప్పి ఉంటే మధ్యలో ఆగేవాళ్లం. మాత్ర ఆ హెచ్చరికను తీసేస్తుంది, సాయంత్రానికి మోకాలు నీరు పట్టి ఉబ్బుతుంది. మాత్ర వేసుకున్న రోజున పని పెంచకుండా, అదే పనిని తక్కువ బాధతో చేసుకోవడం ఒక్కటే దీనికి మందు.

మోకాల్లోకి స్టెరాయిడ్

స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రల కంటే పైమెట్టులో అడ్డుకుంటుంది, ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ తయారీనే తగ్గిస్తుంది. కాబట్టి గుజ్జును కాపాడాలి కదా అనిపిస్తుంది. 2017లో అమెరికాలో 140 మందికి, అల్ట్రాసౌండ్‌లో వాపు కనిపించిన మోకాళ్లకే, 12 వారాలకోసారి 40 మి.గ్రా. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ లేదా ఉప్పునీరు రెండేళ్లు ఇచ్చి చూశారు. స్టెరాయిడ్ జట్టులో గుజ్జు మందం 0.21 మి.మీ. తగ్గింది, ఉప్పునీటి జట్టులో 0.10 మి.మీ. నొప్పిలో రెండేళ్ల చివర తేడా లేదు. అంతకుముందు 2003లో కెనడాలో 68 మందికి అదే మందు, అదే మోతాదు మూడు నెలలకోసారి ఇచ్చిన పరీక్షలో ఎక్స్‌రేలో చెడుపు కనిపించలేదు. ఎమ్మారై ఎక్స్‌రే కంటే సూక్ష్మంగా చూస్తుంది కనుక నేను 2017 ఫలితానికే ఎక్కువ విలువ ఇస్తాను. స్టెరాయిడ్ గుజ్జు కణాల తయారీ పనిని కూడా అణచివేస్తుంది, అందుకే మేలు మేలుగా మిగలదు.

మోకాలు ఉబ్బి, నీరు చేరి, అడుగు తీయలేని రోజుల్లో ఒక ఇంజెక్షన్ కొన్ని వారాల ఊరటనిస్తుంది, అది న్యాయమైన వాడకమే. క్యాలెండర్ ప్రకారం మూడు నెలలకోసారి పొడిపించుకోవడం అలాంటిది కాదు. షుగర్ ఉన్నవాళ్లు ఆ తర్వాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర రోజూ చూసుకోవాలి, చాలామందికి పెరుగుతుంది. ఊళ్లలో "నొప్పుల సూది" పేరుతో పిరుదుకు వేసే డెక్సామెథసోన్, పేరు లేని పొట్లాల్లో కలిపి ఇచ్చే స్టెరాయిడ్ వేరే కథ. రెండు రోజుల్లో పరుగెత్తించే పొడి అంటే దాదాపు ఎప్పుడూ అదే. ఎముక గుల్లబారుతుంది, షుగర్ పెరుగుతుంది, నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

గుజ్జు కోసమని వచ్చిన మిగతా మందుల్లో డయాసెరిన్ మన దగ్గర బాగా రాస్తారు. ఇది ఇంటర్‌ల్యూకిన్-1 మీద పనిచేస్తుంది. 2001లో ఫ్రాన్స్‌లో 507 మంది తుంటి రోగుల మీద మూడేళ్లు చేసిన పరీక్షలో 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇస్తే, కీలు సందు అర మిల్లీమీటరు తరిగినవాళ్లు 50.7 శాతం, మందు లేనివాళ్లలో 60.4 శాతం. తేడా ఉంది గానీ నొప్పి తగ్గలేదు. విరేచనాలు ఎక్కువగా రావడంతో ఐరోపా మందుల సంస్థ 65 ఏళ్లు దాటినవాళ్లకు వద్దని సూచించింది. మూత్రం ముదురు రంగులోకి మారితే భయపడక్కర్లేదు, అది ఆ మందు రంగే.

కొంచెం ఆశ కలిగించేది గుండె జబ్బుల పరీక్షల నుంచి వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-1ను నేరుగా కట్టేసే కనకినుమాబ్‌ను 10,061 మందిలో గుండె కోసం పరీక్షించారు. తర్వాత లెక్క తీస్తే మోకాలు, తుంటి మార్పిడులు మందు అందినవాళ్లలో సుమారు 40 శాతం తక్కువ. గౌట్‌కు వాడే కొల్చిసిన్‌ను రోజుకు 0.5 మి.గ్రా. ఇచ్చిన 5,522 మంది హృద్రోగుల పరీక్షలోనూ మార్పిడులు 3.5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గాయి. ఇవి గుజ్జు కోసం పెట్టిన పరీక్షలు కావు. చేతి వేళ్ల కీళ్లకు కొల్చిసిన్ ఇచ్చి చూస్తే నొప్పి తగ్గలేదు కూడా. అయినా సరైన మెట్టు దగ్గర అడ్డుకుంటే అరుగుదలను మళ్లించవచ్చేమో అన్న ఆలోచనకు ఇవి బలం ఇస్తున్నాయి. ఇప్పటికైతే గుజ్జు అరుగుదలను ఆపే మందుగా అమెరికాలో గానీ ఐరోపాలో గానీ అనుమతి పొందినది ఒక్కటీ లేదు.

వాడాల్సి వస్తే ఎలా

మోకాలికి మొదట రాయాల్సింది జెల్. డైక్లోఫెనాక్ జెల్ సరిగ్గా రాస్తే రక్తంలోకి చేరేది మాత్రతో చేరేదానిలో ఆరు శాతమే. పనిచేయలేదనేవాళ్లలో ఎక్కువమంది చాలినంత రాయరు. ఒక మోకాలికి ఒక విడతకు 4 గ్రాములు, అంటే ట్యూబు నుంచి దాదాపు 11 సెంటీమీటర్ల పొడవు గీత, రోజుకు నాలుగుసార్లు. ఆ లెక్కన 30 గ్రాముల ట్యూబు ఒక్క మోకాలికి రెండు రోజులు కూడా రాదు. బఠానీ గింజంత రాసి నెలంతా లాగితే వచ్చేది మెంథాల్ చల్లదనమే. చిప్ప చుట్టూ, పక్కలకు, వెనక వైపు కూడా పూసి, గంటసేపు కడగకుండా ఉండాలి. పైన వేడి కాపడం పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. రెండు మూడు వారాలు అలా రాశాకే పనిచేసిందో లేదో తేల్చాలి. దీర్ఘకాలం నొప్పి ఉన్న 100 మందిలో సుమారు 60 మందికి మంచి ఊరట వస్తుంది, మందు లేని జెల్ రాసినా 50 మందికి వస్తుంది. అద్భుతం కాదు, కానీ కడుపుకూ కిడ్నీకీ పడే భారం చూస్తే ఇదే ముందు. తుంటికి మాత్రం పనికిరాదు, ఆ కీలు అంత లోతున ఉంటుంది.

మాత్రే కావాలంటే చాలినంత చిన్న మోతాదు, చాలినంత తక్కువ రోజులు. నాప్రొక్సెన్ 250 మి.గ్రా. రెండు పూటలా, ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. రెండు మూడు సార్లు, అసెక్లోఫెనాక్ 100 మి.గ్రా. రెండు పూటలా. ఎటోరికాక్సిబ్ అరుగుడు జబ్బుకు రోజుకు 30 మి.గ్రా., గట్టిగా అయితే 60. షాపులో 90, 120 కూడా దొరుకుతాయి గానీ అవి దీనికి కాదు. బీపీ 140/90 దాటి అదుపులో లేనివాళ్లు ఎటోరికాక్సిబ్ ముట్టకూడదు. డైక్లోఫెనాక్ 150 మి.గ్రా. రోజూ ఏడాది పాటు వాడితే ప్రతి వెయ్యి మందిలో అదనంగా ముగ్గురికి గుండెపోటు లాంటి పెద్ద సమస్య వస్తుందని 2013లో పెద్ద లెక్క వేశారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు అసెక్లోఫెనాక్ సురక్షితమని అనుకోకండి, అది శరీరంలో కొంత డైక్లోఫెనాక్‌గానే మారుతుంది.

కాంబినేషన్ మాత్రల పేర్లు వేరైనా లోపల ఉన్నది ఒకటే కావచ్చు. అసెక్లోఫెనాక్‌తో 325 మి.గ్రా. పారాసెటమాల్ కలిసి ఉంటుంది. దాని మీద జ్వరానికని పారాసెటమాల్ 650 మాత్ర వేసుకుంటే లెక్క పెరుగుతుంది. సెర్రాషియోపెప్టిడేజ్ అనే ఎంజైము కలిపితే గుజ్జుకు బలం అనే మాటకు ఆధారం లేదు. 60 దాటినవాళ్లు, ఇంతకుముందు కడుపులో పుండు వచ్చినవాళ్లు, గుండెకు ఆస్పిరిన్ 75 వాడేవాళ్లు కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ 40 లేదా ఒమెప్రజోల్ 20 పొద్దున తిండికి అరగంట ముందు వేసుకోవాలి. ఆస్పిరిన్ వాడేవాళ్లు ఐబుప్రొఫెన్ వేసుకోవాల్సి వస్తే ఆస్పిరిన్ ముందు, కనీసం అరగంట తర్వాత ఐబుప్రొఫెన్. తిరగేస్తే ఆస్పిరిన్ పని ఆగిపోతుంది.

అన్నిటికంటే కిడ్నీల గురించి జాగ్రత్త. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, దానితో హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీరు తీసే మందు, పైన నొప్పి మాత్ర. ఈ మూడూ కలిసినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గి, ఎండాకాలంలో వాంతులో విరేచనాలో తోడైతే రెండు మూడు రోజుల్లోనే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) ఎగబాకుతుంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ ఒకే మాత్రలో కలిపి మన దగ్గర ఎంత రాస్తారో తెలిసిందే, కాబట్టి బీపీ స్ట్రిప్ వెనక తిప్పి చదవండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు, ఎండలో చెమటోడ్చి ఒళ్లునొప్పులకు మాత్రలు మింగడం అక్కడ ఎవరికీ మంచిది కాదు. డైక్లోఫెనాక్ కిడ్నీని ఏం చేయగలదో రాబందులు చూపించాయి. ఆ మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై అవి లక్షల్లో చచ్చాయి. అందుకే 2006లో మన దేశం పశువులకు దాన్ని నిషేధించింది, 2023లో అసెక్లోఫెనాక్‌ను కూడా. మన కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, అయినా దెబ్బ తగిలే చోటు అదే. నెలకు మించి రోజూ వాడాల్సి వస్తే మొదట్లో ఒకసారి, రెండు మూడు వారాలకు మరోసారి క్రియాటినిన్, పొటాషియం, బీపీ చూపించుకోవాలి.

మాత్ర ఇచ్చిన వ్యవధిని తొడ ముందు కండరం కోసం ఖర్చు పెడితే గుజ్జుకు నిజంగా మేలు. కుర్చీలో కూర్చుని కాలు చాచి 5 సెకన్లు బిగపట్టడం, 10 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. తర్వాత ఎత్తు కుర్చీ నుంచి చేతులు ఆనించకుండా లేవడం. చేసేటప్పుడు నొప్పి పదికి ఐదు దాటకుండా, మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోతే ఆ మోతాదు సరిపోయినట్టు. దిగకపోతే సంఖ్య తగ్గించాలి, మానేయకూడదు. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఏ మాత్రా ఈ లెక్కకు దగ్గరికి రాదు.

రోజూ మాత్ర వాడుతున్నవాళ్లు రెండు మూడు నెలలకోసారి వారం రోజులు ఆపి చూడండి. గుండెకు వేసుకునే ఆస్పిరిన్ మాత్రం ఆపకూడదు. నొప్పి పెద్దగా తిరిగి రాకపోతే రోజూ మింగాల్సిన అవసరం పోయిందన్నమాట, అవసరమైన రోజుకే ఉంచుకోండి. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం బాగా తగ్గి కాళ్లు ఉబ్బినా వారం దాకా ఆగకుండా అదే రోజు మాత్ర ఆపి డాక్టరును కలవాలి. జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా, వేడిగా ఉబ్బితే అది అరుగుడు జబ్బు కాదు, కీలులో చీము కావచ్చు. దానికి ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేసుకుని రాత్రి గడపకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.